రామాయక్కకు పెట్టే చీర

అన్నకు చెన్నకేశవన్ దండాలు. నేను బాగుండాను, దిగులు వద్దు.

ఏట్లో దూకి చచ్చిపోయిందని మనం చీర పెట్టి మొక్కే రామాయక్క ఇక్కడ మా మిల్లులోనే నూలు చుడుతోంది. నన్ను చూసి, "నా చీరలన్నీ ఎవురు కట్టుకుంటుండార్రా?" అని నవ్వింది. వేరే కులం వాణ్ణి కోరిందని చిన్నాయన చంపుతాడేమోనని, నాయినే ఆమెను బస్సెక్కించి, ఆమె కడవను ఏటి గట్టున పెట్టి వచ్చినాడంట. తాను తిట్టినందుకే బిడ్డ చచ్చిందని అమ్మ ఇన్నేండ్లూ కుమిలిపోయింది. అమ్మకు ఈ పోస్టుకార్డు చదివి వినిపించు. నాయినను ఏమీ అనవద్దు. ఈ ఏడు చీర కొనవద్దు.

ఎర్రావు ఈనిందా? వదినెకు జ్వరం తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

కవరులో రాస్తానంటే అక్క ఒప్పుకోలేదు. ఇక భయపడనని, ఊరంతా చదవాలని, తానే ఈ కార్డు కొనిచ్చింది.