మామ్మగారికి వద్దన్న నీళ్లు

మచిలీపట్నం,
శనివారం సాయంత్రం.

చిరంజీవి బెన్నీకి,

అమ్మ ముద్దులతో దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ డాడీ బాగానే ఉన్నాం. కోడూరులో అమ్మమ్మ కూడా కులాసా. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. నీ ఉత్తరం చదివాక ఆ మాట అంత తేలిగ్గా రాయలేకపోతున్నాను.

ఇది వార్డెన్ గారి బల్ల మీదుగా రాదు. రేపు డాడీ నిన్ను చూడటానికి వచ్చినప్పుడు నీ చేతికే ఇస్తాడు. చదవడం అయ్యేదాకా ఆయన్ని ఏమీ అడక్కు. ఆయనకి కొంతే తెలుసు. ఆ కొంతకే పొద్దుటినుంచీ నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. అవనిగడ్డ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే బస్సు ఎక్కగలను గానీ దిగలేను, నన్ను వదిలెయ్ అంటోంది. దివిసీమలో బావుల నీళ్లు పరీక్షకి తెచ్చే పని మీద వెళ్లినప్పుడు ఒక పూట ఆమె దగ్గరే ఉన్నాను. నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలిని బతిమాలి వెంట తెచ్చుకుంటున్నట్టు నడుస్తుంది కదా, ఆ నడక నేర్చుకుందామని ఆమె వెనకాలే పెరడంతా తిరిగాను. కొత్త నాటకంలో నాది ముసలమ్మ వేషం. కాసేపటికి వెనక్కి తిరిగి చూసి, కన్నతల్లిని వెక్కిరించడానికి ఇంత చదువు చదివావా అని తిట్టిపోసింది. నాటక పరిషత్తు పోటీలు వచ్చే నెల మీ గుడివాడలోనే. నిన్ను పంపిస్తారో లేదో తెలియదు.

నా పుస్తకం రెండో ముద్రణలో నువ్వు ఉన్నావా అని అడిగావు. లేవు. నీ కోరిక ప్రకారం ‘మా అబ్బాయి’ అన్న చోటల్లా కొట్టేశాను. కొట్టేశాక చూస్తే పుస్తకం బక్కచిక్కిపోయింది. పిల్లల పెంపకం గురించి నాకు తెలిసిందంతా నీ దగ్గర నేర్చుకున్నదేనని అప్పుడు తెలిసింది. పబ్లిషరు గారు దిగులు పడ్డారు, పడనీ.

పోయినసారి మేం వచ్చినప్పుడు విజిటర్స్ గదిలో నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. “నువ్వు నవ్వితే అది నవ్వో, నా ధైర్యం కోసం చేసే యాక్షనో నాకు తెలీదమ్మా. అడుగుదామంటే ల్యాబ్‌లో చూసినట్టు నా మొహం చూస్తావు. తర్వాత అది పుస్తకంలో వస్తుంది” అన్నావు. నా మూడు పనులనీ ఒక్క ఊపులో కడిగేశావు. ఇంటికి వచ్చి ఏడ్చాను. అది యాక్షన్ కాదు, కావాలంటే డాడీని అడుగు. అందుకే ఇప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పకుండా కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి మొహం ఉండదు.

ఇక నీళ్ల సంగతి.

ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయనీ, ఆత్రేయకి పచ్చకామెర్లు వచ్చి ఇంటికి పంపేశారనీ, పక్క గదిలో ఇంకొకడు వాంతులు చేసుకుంటున్నాడనీ రాశావు. అది రాసి, కిందనే ఎవరికీ చెప్పొద్దని గీత గీసి మరీ రాశావు. పోయినేడు మెస్ గురించి కంప్లైంట్ ఇచ్చిన అబ్బాయిని మంచి సెక్షన్‌లోంచి తీసేసి, స్టడీ అవర్‌లో నిలబెట్టి, చివరికి వాడంతట వాడే టీసీ తీసుకునేలా చేశారని కూడా రాశావు. నా పుస్తకంలోంచే వాక్యం తీసి నాకే అప్పజెప్పావు: పిల్లలు దాచమన్నది దాచిపెట్టండి, అప్పుడే రెండోసారి కూడా మీకు చెప్తారు. అవును, నేనే రాశాను. మీ కాలేజీ పేరెంట్స్ మీటింగ్‌లో మైకు ముందు చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. మీ బ్రోచర్‌లో, ఆఫీసు గోడ మీద ఉన్న నా ఫోటో ఆ రోజుదే. ఆ అధ్యాయం రాసేటప్పుడు నాకు మంచినీళ్ల ట్యాంకు గుర్తుకు రాలేదు.

నీ మాట జవదాటకుండా ఏం చేయొచ్చా అని ఆలోచించి, ముందు ఆత్రేయ వాళ్ల ఊరు మొవ్వ వెళ్లాను. జబ్బు చేసిన పిల్లాణ్ణి పలకరిస్తే ఎవరూ తప్పు పట్టరు కదా. ఆత్రేయ మంచం మీద ఉన్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నన్ను చూడగానే, “ఆంటీ, బెన్నీ కాచిన నీళ్లు తాగుతున్నాడా?” అని అడిగాడు. హాస్టల్లో కాచిన నీళ్లు ఎక్కడ దొరుకుతాయి వాడి పిచ్చిగానీ. వాళ్ల నాన్న వెంకటసుబ్రహ్మణ్యం గారు మీ కాలేజీ వాళ్ల స్కూల్లోనే టీచరు. కాఫీ ఇచ్చి, నేనేమీ అడగకముందే, “అమ్మా, ఎక్కడికైనా వస్తాను గానీ కంప్లైంట్ మీద సంతకం మాత్రం అడక్కండి” అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

ఆత్రేయ పెట్టె, పుస్తకాలు గురువారం మొవ్వ చేరాయి. వాళ్ల మామ్మ నాగేంద్రమ్మ గారు వచ్చి తీసుకెళ్లారు కదా, నువ్వే మెట్లు దింపి ఇచ్చావు. వాడు వెంటనే ఫిజిక్స్ పుస్తకం తీయబోతే వాళ్లమ్మ లాక్కుని పైన పెట్టేసిందట. వాడి గురించి బెంగ పెట్టుకోకు, మెల్లగా తేరుకుంటున్నాడు.

అదే గురువారం మీ హాస్టల్ నీళ్లు నా చేతికొచ్చాయి. ఎలా వచ్చాయో కాసేపాగి చెప్తాను. మందు వేసిన చిన్న సీసాల్లో పోసి ల్యాబ్‌లో పెట్టాను. మురికి కలిసిన నీళ్లయితే నల్లబడతాయి. నీకు చిన్నప్పుడు చూపించాను, మంగినపూడి నుంచి తెచ్చిన బావి నీళ్లు నల్లబడితే మ్యాజిక్ అని చప్పట్లు కొట్టావు. ఈ ఉదయం ల్యాబ్ తలుపు తీసి సీసాల వైపు చూశాను. సిరాలా నల్లగా ఉన్నాయి. పొరపాటేమో అని మంచినీళ్లు పోసి పక్కన పెట్టిన సీసా కూడా చూశాను. అది తేటగానే ఉంది. ఇన్నేళ్లుగా ఎన్నో ఊళ్ల నీళ్లు చూశాను బెన్నీ. మొదటిసారి స్టూలు మీద కూర్చుండిపోయాను.

అప్పుడు ఒక తొందర పని చేశాను. మీ ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. నీ పేరు ఎత్తలేదు. పిల్లల్లో కామెర్లు వస్తున్నాయని విన్నాను, నీళ్లు ఆపి క్యాన్లు తెప్పించండి అని మర్యాదగానే అడిగాను. ఆయన కూడా మర్యాదగానే, ఫిల్టర్లు మొన్ననే మార్చామండీ, మీలాంటివాళ్లే భయపడితే మిగతా పేరెంట్స్‌ని ఎలా ఆపగలం అన్నారు. తర్వాత, మీ అబ్బాయి చెప్పాడా అని అడిగారు. లేదండీ అన్నాను. స్టేజీ మీద ఎన్ని అబద్ధాలు చెప్పినా ఎవరూ పట్టుకోలేదు, ఈయన ఇట్టే పట్టేశారు.

“బెన్నీతో నేను మాట్లాడతాలెండి” అని పెట్టేశారు.

ఆ మాట అప్పటినుంచీ నా చెవిలోనే ఉంది. ఈపాటికి నిన్ను పిలిపించారో, పిలిపించి ఏమన్నారో తెలియదు. వెంటనే హాస్టల్‌కి ఫోన్ చేస్తే పిల్లలు పరీక్షలో ఉన్నారు, రేపు విజిటింగే కదా అన్నారు. డాడీకి కోపం వచ్చింది ఇందుకే. వాడు నమ్మి చెప్పిన మాట నువ్వు ఒక్క ఫోన్‌తో బయటపెట్టావు అన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు విను. నేను తెచ్చిన నీళ్లు ఆఫీసుల్లో పనికిరావు. అధికారులే వచ్చి, వాళ్ల చేత్తో పట్టుకెళ్లి పరీక్ష చేస్తేనే ట్యాంకు మూయిస్తారు. వాళ్లు రావాలంటే ఎవరైనా తల్లో తండ్రో సంతకం పెట్టి అర్జీ ఇవ్వాలి. పేరు లేని అర్జీలు ఏ బల్ల కింద ఉంటాయో నాకు తెలుసు. సోమవారం ఇక్కడ కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. నేను ఇస్తాను. నీ పేరు రాయను, కానీ కింద నా సంతకం ఉంటే నీ పేరు ఉన్నట్టే. ఇవ్వనా వద్దా అని నిన్ను అడగడం లేదు. అలా అడిగితే నేను మోయాల్సిన బరువు నీ నెత్తిన పెట్టినట్టవుతుంది. వద్దంటావు, నేను ఆగుతాను, ఈలోగా ఇంకో పిల్లాడు మంచం ఎక్కుతాడు. అది నీ వయసులో మోయదగ్గ బరువు కాదు. నాకు భయం మాత్రం చాలా ఉంది. నీళ్లంటే కాదు. ఇక మీదట నాకు ఏమీ చెప్పవేమో అని భయం.

ఇన్ని రాశాను గానీ రాయాల్సింది ఇంకా గొంతులోనే ఉంది.

గురువారం వచ్చిన మామ్మ నాగేంద్రమ్మ గారు కాదు. నేనే.

పెట్టె కోసం ఆవిడ గురువారం బయలుదేరుతున్నారని మొవ్వ వెళ్లినప్పుడే విని, బదులు నేను వెళ్తానని బతిమాలాను. నా మొహం మీ ఆఫీసు గోడ మీద ఉంది, నేనుగా వస్తే ట్యాంకు దరిదాపులకి రానివ్వరు. ఆవిడ తన నూలు చీర ఇచ్చి, తనే దగ్గరుండి కట్టింది. నాటకం కోసం కొన్న తెల్ల విగ్గు పెట్టుకుని, లావు కళ్లద్దాలు తగిలించుకుని, కొంగు తల మీదుగా కప్పుకున్నాను. నడక అమ్మమ్మది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. వేషం బాగా కుదిరిందని లోపల కాస్త గర్వపడ్డాను కూడా, ఆ గర్వం నువ్వు వచ్చేదాకానే.

నువ్వు పెట్టె మోసుకుంటూ వచ్చావు. చిక్కిపోయావురా. చొక్కా భుజాల మీంచి జారుతోంది. నన్ను సరిగా చూడను కూడా లేదు. పెట్టె దింపి, ఆత్రేయ ఎలా ఉన్నాడని అడిగావు. మామ్మగారికి మంచినీళ్లు ఇవ్వమని వార్డెన్ గారు కేకేస్తే వెళ్లి గ్లాసుతో తెచ్చావు. నేను దాన్ని పెదాల దాకా ఎత్తాను. తాగకూడదని నాకు తెలుసు, ఊరికే ఎత్తాను. నువ్వు పెట్టె తాడు సరిచేస్తున్నట్టు వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నావు.

“తాగకండి మామ్మగారూ. ఊరికే పట్టుకుని కూర్చోండి, సార్ వెళ్లాక నేను పారబోస్తాను.”

ఎందుకు నాయనా అన్నాను, గొంతు మార్చి.

“మీరు అచ్చం మా అమ్మమ్మలా నడుస్తున్నారండీ” అన్నావు.

ఆ క్షణంలో నేను నటినో ఇంకొకరినో నాకు తెలియలేదు. లేచి నిన్ను పట్టుకుని అప్పుడే గేటు దాటిద్దామనిపించింది. అలా చేస్తే నీళ్లు అందవు, నీ గుట్టూ పోతుంది. నేనే పారబోస్తాలే అని నిన్ను పైకి పంపేసి గ్లాసు నీళ్లు సంచిలోని సీసాలోకి వంచాను. గ్లాసే మురికిదంటారని మెట్ల పక్క పంపు దగ్గర ఇంకో సీసా కూడా పట్టాను. నిన్ను పంపేముందు, దీవించే వంకతో నీ గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పాను, గుర్తుందా? కళ్లు చూడటానికి. ఇంకా తెల్లగానే ఉన్నాయి. ల్యాబ్‌లో చూసినట్టే చూశాను, అందుకు నన్ను తిట్టుకో.

మొవ్వ దాకా ఆటోలో ఏడుస్తూనే వెళ్లాను. నిన్ను మోసం చేసి నీ మంచితనాన్ని దొంగచాటుగా చూశానన్న సిగ్గు ఒకటి. ఇంకొకటి అంతకన్నా బాధ. ముక్కూ మొహం తెలియని ముసలమ్మకి వద్దన్న నీళ్లు నువ్వు రోజూ ఎలా తాగుతున్నావురా? కన్నతల్లి నోరు కట్టేసి, దారిన పోయే మామ్మకి నిజం చెప్పావు. నన్ను నమ్మలేకపోవడం వల్లే కదా అనుకున్నాను. తర్వాత తోచింది, ఆ మామ్మకి ప్రమాదమని తెలిసిన ఒక్క క్షణంలో నువ్వు వార్డెన్‌కి కూడా భయపడలేదు. నేను సోమవారం చేయబోయేది అంతకన్నా పెద్ద పనేమీ కాదు. నువ్వు ఒకరికి చెప్పావు, నేను అందరికీ చెప్తాను.

డాడీ తెచ్చే క్యాన్ నీళ్లు తప్ప ఇంకేవీ నోట్లో పోసుకోకు. మీ గదిలో వాళ్లకీ అవే ఇవ్వు. డాడీ నిన్ను బయటికి తీసుకెళ్లి రక్తం పరీక్ష చేయిస్తాడు, మొరాయించకు. ఆ తర్వాత తిరిగి హాస్టల్‌కి వెళ్తావో, పెట్టె సర్దుకుని ఇంటికి వస్తావో నీ ఇష్టం. ఏదైనా సరే, ఆ పిలిపించి మాట్లాడేవాళ్లు ఇక నీతో కాదు, నాతో మాట్లాడాలి.

నేను కూడా వస్తాను. లోపలికి రాను. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటాను. చదివాక నన్ను చూడబుద్ధి కాకపోతే రావద్దు, ఆ మాట డాడీతో చెప్పి పంపు, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాను. రాబుద్ధయితే రోడ్డు దాటి రా. విగ్గు లేదు, కళ్లద్దాలు లేవు, అమ్మమ్మ నడక లేదు. ఏడుస్తుంటే ఏడుస్తున్నట్టే అనుకో. దాన్ని ఏ పుస్తకంలోనూ రాయను.

ఇట్లు,
నువ్వు నీళ్లు తాగనివ్వని మామ్మ,
మీ అమ్మ
ఝాన్సీ