వంతెన దగ్గరి నల్ల సంచి

లాప్‌సెలె, నవంబర్ 9

ప్రియమైన పావ్వకి,

ఈ ఉత్తరం నా తపాలా బండిలోనే వచ్చి వంతెన దగ్గర మీ పెట్టెలో పడుతుంది. నువ్వు చెల్లెమ్మతో కలిసి మందను తోలుకుని అడవిలో ఉన్నావు కాబట్టి, నోటితో చెప్పాల్సింది కాగితం మీద పెడుతున్నాను.

పోయిన చలికాలం, మెడలో గంటతో మందకు దారి చూపే నీ రెయిన్‌డీర్‌ను నేను గుద్ది చంపాను. నువ్వు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆనాడు నా దీపాల వెలుగు వంద మీటర్లు దాటలేదు. మంచు మీద బండి ఆగడానికి అంతకంటే ఎక్కువ దూరం కావాలి.

అందుకని ఈ ఆదివారం బండి ముందు రెండు పెద్ద దీపాలు అదనంగా బిగించాను. వైరింగ్ పుస్తకం చూసి నేర్చుకున్నాను. కొట్టం గోడ మీద సుద్దతో గీత గీసి, వెలుతురు సరిగ్గా దాని మీద పడేలా తిప్పాను. ఇప్పుడు మూడు వందల మీటర్లు పట్టపగల్లా కనిపిస్తోంది. మీ అక్క చూసి, "పెళ్లికొడుక్కి కూడా ఇంత ముస్తాబు చేయరు" అంది.

ఇంకొక్క మాట. మంద దగ్గర్లో ఉందని డ్రైవర్లకు తెలియడానికి స్తంభాలకు నల్ల సంచులు కడతారు కదా. వంతెన దగ్గర నువ్వు కట్టిన రెండూ ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మంద అక్కడినుంచి కదిలి నెల దాటింది. నా చిట్టాలో రోజూ "సంచులు ఉన్నాయి, జంతువులు లేవు" అనే రాస్తున్నాను. ఇలాగైతే నిజంగా మంద ఉన్న రోజున ఎవడూ నమ్మడు. దించెయ్.

చెల్లెమ్మ రిస్తెన్‌ను అడిగానని చెప్పు.

నీ బావ,
గుడ్మార్

*

అడవి గుడిసె, డిసెంబర్ 2

ప్రియమైన బావకి,

నీది తపాలా బండా, లైట్‌హౌసా? నిన్న కొండ మీదినుంచి చూశాను. నాలుగు దీపాలతో లోయంతా వెలిగించుకుంటూ పోతున్నావు. మా కుక్క నిన్ను చూసి చంద్రుడనుకుని మొరిగింది. రిస్తెన్ అయితే, "అదిగో అన్నయ్య" అని చెయ్యి కూడా ఊపింది. నీకు కనిపించి ఉండదు.

దీపాలు మంచివే. కానీ రెయిన్‌డీర్ రోడ్డు మీద ఉంటే అంత వెలుతురు వాటి కళ్లలోకి కొట్టకు. రెండు పక్కలా మంచు గోడలు. ఎక్కలేక నీ ముందే పరుగెత్తి పరుగెత్తి చస్తాయి. దీపాలు తగ్గించి ఆగు. వాటంతట అవే పక్కకు పోతాయి. జంతువుకి తొందర ఉండదు. తొందర నీ ఉత్తరాలకే.

సంచుల సంగతి గుర్తుంది. మంచు మీద తిరిగే మా స్నోస్కూటర్ బెల్టు తెగింది, కొత్తది వస్తే గాని అక్కడికి రాలేను. పోయినేడు స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన ఒకావిడ వాటిని చెత్తనుకుని నాలుగు దించి బుట్టలో వేసింది. ఈసారీ ఆవిడే వస్తే బాగుండు, నాకు పని తప్పుతుంది.

నువ్వు చంపిన దాని గంట నా దగ్గరే ఉంది. దాని కూతురికి కట్టాను. బుద్ధి తల్లిదే. ఇక ఆ విషయం ఎత్తకు.

పావ్వ

*

లాప్‌సెలె, జనవరి 20

ప్రియమైన పావ్వా,

ఇలా పిలిచే హక్కు ఇంకా ఉందో లేదో తెలియదు. ఈ ఉత్తరం వేరేవాళ్ల బండిలో వస్తుంది.

సమాధి దగ్గర నీ పక్కన నిలబడి, మట్టి వేసి వచ్చేశాను. పోలీసులకు చెప్పిందే నీకూ చెప్పాలి.

మధ్యాహ్నం మూడు దాటింది. చలికాలం కదా, అప్పటికే చీకటి పడింది. నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి. ఎదురుగా బండి ఏదీ లేదు. వంతెన అవతల, స్తంభం పక్కన నల్లగా కనిపించింది. చాలా దూరం నుంచే కనిపించింది. మూడు నెలలుగా రోజూ అక్కడ చూస్తున్న నలుపే. సంచి అనుకున్నాను. కాలు బ్రేకు మీదకి పోలేదు. దగ్గరికి వచ్చేసరికి అది రోడ్డు మీదకి దిగింది.

"దీపాలు పనిచేస్తున్నాయా?" అని అడిగాడు పోలీసు.

"బాగా పనిచేస్తున్నాయి" అన్నాను.

ఆ రోజు చిట్టాలో "మైనస్ ఇరవై ఆరు, గాలి లేదు" అని మాత్రం రాశాను. తర్వాత ఏమీ రాయలేదు. దీపాలు పీకేసి కొట్టంలో పడేశాను. ఉద్యోగం వదిలేశాను. మీ అక్క రెండు కప్పుల్లో కాఫీ పోసి, తన కప్పు తీసుకుని పక్క గదిలోకి వెళ్తోంది.

సంచులు దించమని నేను రాయకపోతే రిస్తెన్ అక్కడికి వచ్చేది కాదు.

గుడ్మార్

*

అడవి గుడిసె, ఫిబ్రవరి 14

బావా,

ఇది నీకు చెప్పాలా వద్దా అని మూడు వారాలు ఆలోచించాను. చెప్పకపోతే నేనొక్కడినే మోయాలి. అది నా వల్ల కాదు.

బెల్టు క్రిస్మస్‌కి ముందే వచ్చింది. బిగించడానికి నేనే బద్ధకించాను. ఆ రోజు రిస్తెన్ స్కీలు కట్టుకుంటూ అంది: "అన్నయ్య అడిగి రెండు నెలలైంది, నాకే సిగ్గుగా ఉంది. మీరు లేవరు. నేనే వెళ్లి దించేసి, అటునుంచటే అన్నయ్య బండెక్కి వదిన దగ్గరికి పోతా. ఆవిరి స్నానం చేసి నెలయింది."

నాలుగు దీపాలు కనిపిస్తే వచ్చేది ఎవరో మా అందరికీ తెలుసు. నీ బండి అని తెలిసే దిగింది. నీకు తను కనిపించిందనే అనుకుని ఉంటుంది. అంత వెలుతురు కదా.

దీపాలు మళ్లీ బిగించు. ఏప్రిల్‌లో మంద వంతెన దగ్గర రోడ్డు దాటుతుంది. ఏటా రిస్తెన్ నిలబడి బండ్లు ఆపేది. ఈసారి నువ్వు బండి అడ్డం పెట్టి నిలబడాలి. ఇంకెవరినీ అడగను.

ఆమె నల్ల కోటు జేబులో ఒక సంచి దొరికింది. చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. రెండోది ఇంకా స్తంభానికే ఉంది. అక్కడ ఒక్క జంతువూ లేదు. పోయే బండ్లు వేగం తగ్గించడం లేదు. కత్తి పట్టుకుని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ తాడు ముట్టుకోకుండానే వచ్చేశాను.

అది నువ్వు దించాలి బావా. వెలుతురు ఉండగా రా. ఇప్పుడు నాలుగు దాకా ఉంటోంది. శనివారం పెట్టె దగ్గర కాఫీ పట్టుకుని నిలబడతాను.

ఎర్ర కోటు వేసుకుంటాను.

పావ్వ