కార్డు కాగితం వెనక ముగ్గు

జననీ,

క్రెడిట్ కార్డు కంపెనీవాడు మళ్ళీ వస్తాడు. తలుపు తియ్యకు. మనమిచ్చిన ఫిర్యాదు వాపసుకి సంతకం పెట్టమంటే పెట్టకు.

"జీవితాంతం ఫ్రీమ్మా, పైసా కట్టే పన్లే" అని మీ అమ్మ చేతి మజ్జిగ తాగిపోయాడు. ఆమె దినాలైనా కాకముందే ఏడాది చార్జీ బిల్లు ఆమె పేరునే పంపారు.

ప్రభుత్వం వాళ్ళమీద కేసు పెట్టింది. ఆ ఫ్రీ మాట అచ్చేసిన అసలు కాగితమే కావాలన్నాడు కేసు చూసే ఆఫీసరు. ఇచ్చి రావడానికి కోడంబాక్కం స్టేషన్లో రైలెక్కుతున్నా. సాంబారు వేడి చేసుకో.

కాగితం వెనక మీ అమ్మ పెన్సిలుతో గీసుకున్న ముగ్గుంది. జిరాక్సులో పడలేదు. చుక్కలు లెక్కపెట్టి క్యాలెండరు వెనక దించాను.

నాన్న

కింది మూల ఒక గీత ఎటు తిరుగుతుందో తేలలేదు. నీకు గుర్తుంటే కలుపు. లేకుంటే వదిలెయ్. ఊహించి గియ్యొద్దు.