జూన్ పన్నెండు

శంషాబాద్,
30 జూన్ 1996

షెకీనా వాళ్ళ డాడీకి జయశీల వందనాలు.

క్షేమంగా చేరాం. పాప బడికి పోతోంది. వాన పడి మన వీధంతా బురద. నెల రోజులు మీ దగ్గరుండి వచ్చాక ఈ ఇల్లు మరీ బోసిగా ఉందండీ. ఇంకో మాట ఉంది. మస్కట్‌లో మీ ముఖం చూసి చెప్పలేక మింగేశాను. ఇక దాచుకోవడం నా వల్ల కాదు.

ఆ రోజు సముద్రం ఒడ్డున పాప పుట్టినరోజు చేశారు కదా, అది పాప పుట్టినరోజు కాదు. బడిలో వేసేటప్పుడు పాపకు ఐదేళ్ళు నిండలేదు. "గట్లయితే చేర్చుకోరమ్మా, జూన్ పన్నెండని రాస్తున్న" అన్నాడు కుర్మయ్య సారు. పాస్‌పోర్టులోకీ అదే ఎక్కింది. పాప పుట్టింది నవంబరు ఇరవై మూడున. మీరేమో వేడి గాలిలో కరిగిపోతున్న కేకు పట్టుకుని, దారిన పోయే వాళ్ళందరికీ "నా బిడ్డ బర్త్‌డే" అని చెప్పుకున్నారు. ఏడున్నరేళ్ళ పిల్ల ఎనిమిది కొవ్వొత్తులు ఊదింది. అంతకుముందు నా కొంగు లాగి, "మమ్మీ, ఇయ్యాల కాదు గద?" అంది. "ఊకో బిడ్డా, మీ డాడీ ఖుషీగున్నడు, కొయ్యి" అన్నాను.

మీ మీద చాలా కోపం వచ్చింది. నేను ఐదో నెలలో ఉండగా విమానం ఎక్కారు. ఈ ఎనిమిదేళ్ళలో వచ్చింది మూడుసార్లు. కన్నబిడ్డ పుట్టిన రోజు కూడా గుర్తులేదా? తిరుగు విమానంలో పాప అడిగింది, "డాడీకి నా బర్త్‌డే తెల్వదా మమ్మీ?" అని. కిటికీలోంచి మబ్బులు చూపించి మాట మార్చాను. ఆ ప్రశ్న నన్ను తినేస్తోంది.

మళ్ళీ మూడేళ్ళ కాంట్రాక్టు అంటున్నారు. సంతకం పెట్టకండి. మాకు సముద్రం వద్దు, మీరు కావాలి. అత్తాపూర్‌లో ఏసీలు బాగుచేసే షాపు పెట్టుకున్నా బతుకుతాం.

మీ జయశీల

మస్కట్,
19 జూలై 1996

జయా,

నీ తిట్లు అందాయి. తిట్టు, నీకు ఆ హక్కుంది. కానీ ఒక్కటి నమ్ము. నవంబరు ఇరవై మూడు నాకు తెలుసు.

పాప పుట్టిందని మా అన్న కొట్టిన టెలిగ్రాం అందినప్పుడు నేను ఒక బిల్డింగు మిద్దె మీద ఏసీ బిగిస్తున్నాను. స్పానర్ కింద పెట్టి అక్కడే మోకరించాను. ప్రతి ఏడూ ఆ రోజు ఉపవాసం ఉంటాను. గదిలో వాళ్ళు "ఏంది భాయ్, తబియత్ బాగలేదా" అని అడిగితే, అవునంటాను.

వీసా కాగితం మీద జూన్ పన్నెండు చూసి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆశ పుట్టింది. ఏడు పుట్టినరోజులు పోయాయి, ఒక్కటీ చూడలేదు. దొంగదైతేనేం, పాప కొవ్వొత్తులు ఊదుతుంటే పక్కన నిలబడదామనుకున్నాను. నీ కొంగు లాగి అది అడిగింది నాకూ వినిపించింది. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఆ కాస్త సంతోషమూ ఆగిపోతుందని భయపడ్డాను. పిల్ల మనసులో ఏం పడుతుందో ఆలోచించలేదు, నాదే తప్పు.

డాడీకి తెలుసని దానికి చెప్పు. నమ్మకపోతే ఈ పేజీ దానిచేతే చదివించు.

ఇక ఈ రెండో పేజీ నీకు మాత్రమే. మీరు రాకముందే సంతకం పెట్టేశాను జయా. పెడితేనే మీ వీసాలు, టికెట్లు ఇస్తామన్నారు కంపెనీవాళ్ళు. మిమ్మల్ని ఒక్కసారి చూడాలన్న ఆత్రంలో మూడేళ్ళు రాసిచ్చాను. నవంబరు దాకా ఆగకుండా జూన్‌లోనే కేకు ఎందుకు కోయించానో ఇప్పుడు అర్థమైందా? మధ్యలో సెలవు కూడా లేదు. నీ ఎదురుగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పాప అడిగితే డాడీ తొందరగా వస్తాడని చెప్పు. ఈ పేజీ చించెయ్.

నీ ప్రేమ్ రాజ్