అందరికీ నిమ్ము అనే చెప్పాం

ఆదివారం, నాచారం

సుజాత ఈరోజు నా జబ్బు పేరు నలుగురిలో పలికింది. ఉప్పల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కలుసుకునే సమావేశానికి వెళ్లాం. నా వంతు వచ్చేసరికి దగ్గు ఆగలేదు. నా బదులు తనే లేచింది.

"మా ఆయనకు స్మాల్ సెల్ క్యాన్సర్. కీమో నడుస్తున్నది. రాత్రిపూట దగ్గితే నాకు భయమైతది."

ఆ భయం సంగతి నాకెన్నడూ చెప్పలేదు.

పక్కనున్న బోడుప్పల్ ఆవిడ సుజాత చెయ్యి పట్టుకుంది. "నాకూ గంతే చెల్లె. మా ఆయన దగ్గకుంటే ఇంకా భయం." ఇద్దరూ నవ్వారు.

ఇంటికొస్తే పైవాటా పద్మ మిరియాల చారుతో మెట్ల దగ్గరే ఎదురైంది.

"అన్నకు నిమ్ము తగ్గిందా అక్కా?"

వాడకట్టులో అందరికీ మేం నిమ్ము అనే చెప్పాం. సుజాత నా వైపు చూసింది.

"తగ్గుతున్నది," అంది.

ఇన్నేళ్ల విలేకరి పనిలో తప్పు అని తెలిసిన ముక్కను నేను దిద్దకుండా వదిలిపెట్టలేదు. ఈరోజు చారు గిన్నె అందుకుని, "నీ చేతి చారు మస్తుంటదమ్మా," అన్నాను.

రాత్రి సుజాత అటు తిరిగి పడుకుంది, నిద్రపోలేదు. నాకు దగ్గు వస్తోంది. దగ్గాలో, ఆపుకోవాలో తెలియడం లేదు...