నీ పేరు మీద రెండు నంబర్లు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉదయం ఒక కానిస్టేబుల్ నిన్ను వెతుక్కుంటూ చిక్కడపల్లిలో మన ఇంటికి వచ్చాడు. నీ పేరు మీద ఎవరో సిమ్ తీసుకొని జనాన్ని మోసగిస్తున్నారట.

అశోక్‌నగర్‌లో ఉద్యోగాల దరఖాస్తులు నింపిన ప్రతి నెట్ సెంటరులోనూ నువ్వు ఆధార్ జిరాక్సు వదిలి వచ్చేదానివి. ఎందుకు ఇస్తున్నావో దాని మీద రాసి సంతకం పెట్టమని నేను పోట్లాడితే, "జర ఊపిరి తీస్కోవే, ఇది నీ కాలేజీ డిబేట్ గాదు" అని నవ్వేదానివి.

నారాయణగూడలోని సిమ్ కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. "డెత్ సర్టిఫికెట్ పెడితే ఆమె పేరు మీదున్న రెండు నంబర్లూ బందైతయి, చెల్లె" అన్నాడు ఉద్యోగి. రెండవది నీ సొంత నంబరు. ఏడాదిగా నేనే రీచార్జి చేయిస్తూ దాన్ని ఆగిపోకుండా కాపాడుకుంటున్నాను.

"దొంగది ఒక్కటే ఆపండన్నా."

"పోయినామె పేరు మీద ఇంకొకటి ఎట్ల నడిపిస్తరమ్మా?"

అతని మాటలో తప్పు లేదు. ఉన్నా, వాదించే ఓపిక నాకు మిగల్లేదు. నంబర్లు ఆపే ఫారం మీద సంతకానికి ముందు నీ నంబరుకు ఫోన్ చేశాను. ఇంట్లో అమ్మ ఎత్తింది.

"అక్క నంబరు గూడ పోతదమ్మా. ఏం చేయమంటవ్?"

"పోతే పోనీ. నా బిడ్డ పేరు ఖరాబ్ గావద్దు" అంది అమ్మ.

సంతకం చేశాను. అమ్మ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.