గీత పడని పేరు

సుధా,

ఈ రోజు ఓటేసి వచ్చాను. బ్లాక్‌టౌన్ బడి గేటు దగ్గర రెండు పార్టీలవాళ్ళూ తెలుగులో అచ్చువేసిన కాగితాలు పంచుతున్నారు. మనం ఈ దేశపు పౌరులమై మొదటిసారి ఓటేసినప్పుడు మన ఇంటిపేరు వెతకడానికి జాబితా చూసే ముసలావిడ ఎంత అవస్థ పడిందో! ఇప్పుడు జాబితాలో ఎటు చూసినా తెలుగు పేర్లే. "ఓటెయ్యకపోతే పడే జరిమానా భయంతో వస్తారు గానీ, మనకూ ఓటుందని ఎవడొస్తాడు?" అని తిడుతూనే మనవాళ్ళను కారులో ఎక్కించుకొచ్చేదానివి. ఈసారి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. వరుస రోడ్డు దాకా ఉంది.

బల్ల దగ్గర యూనివర్సిటీలో చదివే తెలుగమ్మాయి కూర్చుంది. ఓటుకు వచ్చినట్టు స్కేలు పెట్టి నా పేరు మీద గీత గీసింది. దాని కిందే నీ పేరు ఉంది. నువ్వు గుంటూరులో పోయావు కాబట్టి ఇక్కడివాళ్ళకు నేనే తెలపాలి. జాబితాలోంచి నీ పేరు తీసెయ్యమనే ఫారం నాలుగు నెలలుగా ఫ్రిజ్ మీదే ఉంది.

"సేమ్ అడ్రస్ కదా అంకుల్, ఆంటీ రాలేదా? సిక్స్‌కి క్లోజ్ చేసేస్తాం," అంది.

వెనక జనం విసుక్కుంటున్నారు. నిజం చెబితే నా కళ్ళముందే నీ పేరు కొట్టేస్తుందేమోనని భయం వేసింది.

"వస్తుందమ్మా," అన్నాను.

ఆరింటికి గేటు మూసేదాకా ఎదురుగా కారులోనే కూర్చున్నాను.

ఒక్క ఎన్నికా మానని నిన్ను, ఈసారి ఎందుకు రాలేదని అడుగుతూ ఎన్నికల ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. దానికి జవాబు నేనే రాయాలి.

నీ
సత్యం